ఏటీ నేదన్న ఏరు

గట్టు మీద ఎవరైనా "ఏటి పడ్డాది?" అని అడిగితే జాలర్లం మేము "ఏటీ నేదు" అంటాం, ఏమీ లేదని. గంప నిండుగా ఉన్నా అదే మాట. పడ్డది నోటితో చెబితే మర్నాడు వల ఖాళీగా వస్తుందని తాతల నాటి నమ్మకం. అడిగేవాడికీ ఆ సంగతి తెలుసు. గంప బరువు చూసి నవ్వుకుని పోతాడు.

పోయిన వేసవిలో సర్వేకి వచ్చిన మనిషికి తెలియదు. ఒడిశా తీరంలోని మా ఉప్పుటేరు గట్టున నిలబడి, ఇక్కడ చేపలు పడతాయా అని ఒడియాలో అడిగాడు. నా వెనక గంపలో తడి గోనె కింద పండుగప్ప ఇంకా కొట్టుకుంటోంది. "ఏటీ నేదు బాబూ" అన్నాను. రాసుకుని సంతకం పెట్టమన్నాడు. పైడన్న అని పెట్టాను.

చలికాలం వచ్చేసరికి, గోదాములు కట్టే కంపెనీ ఒకటి ఏటిని మట్టితో పూడ్చడానికి పర్మిట్ తెచ్చుకుంది. ఈ నీళ్లలో చేపలు లేవని అక్కడి జాలరే చెప్పాడని అందులో రాసి ఉంది. లారీలు వచ్చి గట్టున మట్టి కుప్పలు పోశాయి.

"బావా, ఏరుని నువ్వే పూడ్సీసినావు" అన్నాడు నా బామ్మర్ది అప్పలరాజు.

చేపలుండే నీళ్లని కాపాడాలట, వాటిలో మట్టి పోసే పర్మిట్‌ను పై అధికారి ఆపెయ్యగలరట. ఊరంతా అర్జీ పెడితే ఆవిడ బరంపురంలో విచారణ పెట్టారు. నేనూ మా ఇంటిది కాసమ్మా బస్సెక్కాం. కాసమ్మ అక్కడే హల్దియాపదర్ బజార్లో చేపలమ్ముతుంది. ఆ ఊళ్లో దారులన్నీ ఆమెకే తెలుసు.

ఆ అధికారి పేరు పద్మిని. తెలుగు బాగానే వచ్చు. సర్వే కాగితం నా ముందుకు తోశారు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదేనమ్మా."

"అప్పుడు చేపలు లేవన్నావు. ఇప్పుడు మీ అర్జీలో ఉన్నాయంటున్నారు. ఏది అబద్ధం?"

కంపెనీ తరఫు మనిషి గడియారం చూసుకున్నాడు. చెబితే వల ఖాళీ. చెప్పకపోతే ఏరే ఉండదు.

కాసమ్మ ఊరుకోలేదు. "గట్టు మీద ఈయన నేదంతాడు, బజార్లో నాను ఉందంతాను. నేదంటే ఎవరు కొంతారమ్మా? ఆ నేని సేపలమ్మే పిల్లల్ని సదివించినాను. సెప్పు మావా, నోట్లో ఇసక పోసుకున్నావా ఏటి?"

పద్మిని గారు తల వంచుకుని నవ్వు ఆపుకున్నారు.

లేచి గోడ మీదున్న మా ఏటి పటం దగ్గరికి వెళ్లాను. "ఏరు సముద్రంలో కలిసే మొగ ఇది. పోటుకి రొయ్యపిల్ల లోపలికొస్తాది. ఈ మడసెట్ల వేళ్ల కింద దాగుంటాది. కార్తీకానికి బొంతసేప, మాఘానికి పీత. పండుగప్ప ఈ వంపులో ఉంటాది..." మొదలయ్యాక ఆగలేదు. తాత నాకొక్కడికే చూపించిన మడుగు మీద కూడా వేలు పెట్టేశాను. అది అప్పలరాజుకైనా చెప్పి ఎరగను.

"పోటు ఎప్పుడు?" అని అడిగారు ఆవిడ.

"పెద్దపోటు ఎల్లుండి పొద్దున తొమ్మిదికమ్మా."

"వస్తాను. అంతవరకు ఒక్క తట్ట మట్టి కూడా నీళ్లలో పడకూడదు."

వచ్చారు. చెప్పులు చేతపట్టుకుని బురదలోకి దిగారు. వల విసిరి లాగాను. వేలెడేసి రొయ్యపిల్లలు, బొంతలు, నాలుగు పండుగప్ప పిల్లలు.

"ఏం పడింది?" అన్నారు.

గట్టు మీద ఊరంతా ఉంది.

"నిండా పడ్డాదమ్మా!"

ముసలాళ్లు చెవులు మూసుకున్నారు. చేపపిల్లల్ని మళ్లీ నీళ్లలో వదిలేశాను.

మర్నాడు నాకు రెండు పీతలే పడ్డాయి. "సూసినావా బావా?" అన్నాడు అప్పలరాజు. వల ఆరేసుకున్నాను.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. పర్మిట్ చెల్లదు, కుప్పలు ఎత్తెయ్యాలి. కంపెనీ కోర్టుకు వెళ్తుందంటున్నారు. వెళ్లనీ. లారీలైతే మట్టి ఎత్తుకుపోతున్నాయి.

నిన్న పోటుకి వెళ్లి వచ్చాను. కాసమ్మ గట్టున నిలబడి ఉంది.

"ఏటి పడ్డాది మావా?"

"ఏటీ నేదు."

గంప ఎత్తబోయి, ఎత్తలేక, అప్పలరాజును కేకేసింది.