స్టాఫులో లేని చేతులు

"ఊరికే నిలబడ్డావుగా, కాస్త నా మెడ చూడకూడదూ?" అంది అత్తగారు యుడోరా. అప్పటికి వెర్నా ఒక పొయ్యి మీద గుడ్లు వేయిస్తూ, రెండో పొయ్యి మీద ఆస్పత్రిలో ఉన్న మొగుడికి కోడి సూపు కాస్తోంది. ఆ ఇంట్లో ఊరికే నిలబడటమంటే అదే. పెనం దించి, చేతులు తుడుచుకుని, ముసలావిడ మెడ పట్టు విడిపించింది. "మా హార్లన్ హస్తవాసి వేరులే. అయినా ఫర్వాలేదు," అంది ఆవిడ, మెడ హాయిగా అటూ ఇటూ తిప్పుకుంటూ. హార్లన్ తల్లి మెడ మీద చెయ్యి వేసి పదేళ్లు దాటింది.

వెర్నా, హార్లన్ మిస్సోరీలోని ఆస్టియోపతీ కాలేజీలో ఒకే క్లాసు. మందులతోపాటు చేతులతోనూ వైద్యం చేసే డాక్టర్లు వాళ్లు. పరీక్షల్లో ఆమె మొదటిది, అతను పంతొమ్మిదోవాడు. ఆ మాట ఇంట్లో ఎత్తకూడదు. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ ఒకే ఆస్పత్రిలో ఉద్యోగమెలా ఇస్తామన్నారు బోర్డువాళ్లు, అతనికిచ్చారు. "నువ్వు నాతో రా, నా రోగుల్ని చూడు. ముసలి బర్నెట్ రిటైరవగానే చేతి వైద్యం విభాగం నీదే. పూచీ నాది," అన్నాడు హార్లన్. ఆ మాట పట్టుకుని పదకొండేళ్లు, జీతం లేకుండా, రోజూ మంచం మంచం తిరిగింది. ఆపరేషనై ఊపిరి తీయలేని వాళ్ల పక్కన కూర్చుని, రెండు అరచేతులూ వీపు కింద వెల్లకిలా జొనిపి, పక్కటెముకలు వెన్నును కలిసే చోట వేళ్లు ఆనించి, వాళ్ల ఊపిరితోపాటే మెల్లగా పైకి లేపేది. కాసేపటికి కఫం కదిలేది, రోగి నిండుగా గాలి పీల్చేవాడు. అప్పుడు కలిగే సంతోషం ఆమెది. అదొక్కటే ఆమెది.

బర్నెట్ పోయిన నెలలో రిటైరయ్యాడు. అదే సమయానికి హార్లన్‌కి పిత్తాశయం తీసేశారు. నాలుగో రోజుకి ఊపిరితిత్తిలో కఫం పట్టి జ్వరం వచ్చింది. వెర్నా రోజుకి మూడుసార్లు అతని పక్కటెముకలు లేపుతోంది, జ్వరం ఒక్కో గీతా దిగుతోంది.

ఆమె సూపు తీసుకుని వెళ్లేసరికి, గదిలో ఆస్పత్రి బోర్డు పెద్ద మిస్టర్ కోప్లాండ్ ఉన్నాడు. పక్కన కొత్తగా డిగ్రీ పుచ్చుకున్న లైల్ ప్రూయిట్, చేతిలో నోటు పుస్తకం.

"పదకొండేళ్ల కేసు షీట్లు తిరగేశానయ్యా హార్లన్. చేతి వైద్యం చేసిన ప్రతి రోగికీ నీ సంతకమే! ఒక్కడివి ఇంత పని ఎలా చేశావోయ్?"

హార్లన్ భార్య వంక చూడలేదు. "అలవాటైపోయింది," అన్నాడు.

"అందుకే విభాగానికి ఎవరు కావాలో నువ్వే చెప్పమన్నాం. లైల్ అన్నావు, ఖాయం చేశాం."

వెర్నా చేతిలో సూపు గిన్నె కాలుతోంది. దించాలని తోచలేదు.

"మొహం అలా పెట్టకు," అన్నాడు హార్లన్ నవ్వుతూ, ఆమెకి మాత్రమే వినబడేలా. "జీతమిచ్చే చోట మగాడుండాలి. అతనికీ పెళ్లాం, పిల్లలు ఉన్నారు. నీకేం తక్కువ? మెళకువలన్నీ నువ్వే నేర్పు. నా ఒంటి మీదే నేర్పు, సరేనా? ఇంకోటి, సోమవారం నుంచి వార్డుల్లోకి రాకు. స్టాఫు కానివాళ్లు రోగుల్ని ముట్టుకుంటే బోర్డుకి చిక్కు."

ఛీ, అనుకుంది వెర్నా. అతన్ని కాదు, పదకొండేళ్లు నమ్మిన తనని. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే మానేస్తాను," అంది.

"నేను చేస్తాను సార్," అంటూ లైల్ ఉత్సాహంగా చొక్కా చేతులు మడిచి, హార్లన్ వీపు కింద పిడికిళ్లు దూర్చి, బస్తా ఎత్తినట్టు ఎత్తాడు. హార్లన్ కెవ్వుమన్నాడు. పొట్ట మీది కుట్లు పట్టుకుని దగ్గాడు. దగ్గుకి కుట్లు లాగాయి, ఆ నొప్పికి ఊపిరి అందలేదు.

"వెర్నా! నువ్వు రా... నువ్వు పట్టుకో!"

"స్టాఫు కాను కదా."

"పరిహాసాలా ఇప్పుడు? చచ్చిపోతున్నానే!"

లైల్‌కి చెమటలు పట్టాయి. "మేడమ్, తప్పెక్కడ చేశాను? చెయ్యి ఎక్కడ పెట్టాలి?"

ఆమె గిన్నె బల్ల మీద పెట్టి కోటు తొడుక్కుంది.

"నన్నడుగుతావేం బాబూ? డాక్టరు గారినే అడుగు. పదకొండేళ్లుగా అందరికీ ఆయనే చేశారు, సంతకాలున్నాయి."

లైల్ పెన్సిలు తీసి మంచం మీదికి వంగాడు. "చెప్పండి సార్. వేళ్లు ఎక్కడ ఆనించాలి?"

కోప్లాండ్ కూడా ముందుకి జరిగి వింటున్నాడు. హార్లన్ నోరు తెరిచాడు. చెప్పడానికి అతనికేమీ తెలియదు.