పన్నెండు గజాలు

హాల్వర్ స్ట్రాండ్ ఆ ఏడాది ఆగస్టు నెలంతా తన పశువుల కొట్టం వెనకే గడిపాడు. గడ్డిమోపుకి కాగితం పళ్ళెం ఒకటి గుచ్చి, ఇరవై అయిదు గజాల దూరం నుంచి పది బాణాలు వేసేవాడు. పళ్ళెంలో ఆరు దిగేవి, ఒక్కో రోజు అయిదే. ఇరవైకి జరిగాడు, ఏడు. పదిహేనుకి వచ్చాడు, తొమ్మిది. ఆఖరికి పన్నెండు గజాల దగ్గర నిలబడితే తప్ప పదికి పది దిగలేదు. ఎడమ చెయ్యి ఉన్నట్టుండి వణికేది. డాక్టరు దానికేదో పేరు చెప్పి, మాత్రలు రాసిచ్చి, "తగ్గేది కాదు, నెమ్మదిగా పెరిగేదే" అన్నాడు. అరవై ఆరేళ్ళ హాల్వర్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా మోంటానాలోని ఆ లోయలో విల్లు పట్టిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పింది అతనే. "బాణం ఎంత దూరం పోతుందన్నది కాదు లెక్క. ఎక్కణ్ణుంచి వేస్తే పదికి పది పళ్ళెంలో పడతాయో అదీ మీ దూరం. తొమ్మిది పడితే అది మీది కాదు. ఆ పదోది ప్రాణమున్న ఒంట్లో ఎక్కడ దిగుతుందో ఒక్కసారి ఆలోచించుకోండి" అనేవాడు. అతని దూరం ఇరవై అయిదు గజాలని అందరికీ తెలుసు. ఆ అంకె అతని పేరుతో పాటు నడిచేది.

సెప్టెంబరు మూడో వారంలో కూతురు సిగ్నీని వెంటబెట్టుకుని కొండెక్కాడు. సిగ్నీకి ముప్ఫై అయిదేళ్ళు, ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతుంది. తను వేట మానేసి చాలా కాలమైంది గానీ, దుప్పి కూత కూయడంలో ఆమెకి సాటి ఆ చుట్టుపక్కల లేరు. నోట్లో చిన్న రబ్బరు బిళ్ళ పెట్టుకుని ఆడదుప్పిలా కూసిందంటే, గట్టు అవతలున్న ఎల్క్ దుప్పిపోతు కూడా గుర్రమంత ఒళ్ళేసుకుని దిగివచ్చేది.

గుడారం తాళ్ళు బిగిస్తూ అడిగిందామె.

"నాన్నా, ఈ ఏడు ఎంత?"

"ఏంటి ఎంత?"

"దూరం. పోతుగాణ్ణి ఎందాకా పిలవమంటావ్?"

"ఎప్పుడూ ఉన్నదేగా. ఇరవై అయిదు."

"నిజంగానా? మొన్న కాఫీ సగం టేబుల్ మీదే పోశావు."

"కప్పు వేడికి చెయ్యి కాలింది. నువ్వు మీ అమ్మని మించిపోయావే ఆరాలు తియ్యడంలో."

సిగ్నీ నవ్వేసింది. అబద్ధం నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు హాల్వర్‌కి తన మీద తనకే భయం వేసింది. అయినా దిద్దుకోలేదు. ఇదే చివరి ఏడాదని అతనికి తెలుసు. పైకి అనలేదంతే.

నాలుగో రోజు ఉదయం ఎనిమిది గంటలప్పుడు గట్టు మీంచి పోతు కూత వినబడింది. హాల్వర్ ఒక ఫర్ చెట్టు పక్కన మోకాలి మీద కూర్చున్నాడు. సిగ్నీ దూరం చూపే యంత్రంలో కన్నుపెట్టి చుట్టూ చూసి, "ఆ మాడిపోయిన మొద్దు దగ్గరికి ఇరవై నాలుగు" అని గుసగుసగా చెప్పి, వెనక్కి పోయి పొదలో నక్కింది. ఆమె కూసింది. పోతు బదులిచ్చింది. పావుగంటలో చెట్ల మధ్య నుంచి దిగివచ్చి, సరిగ్గా ఆ మొద్దు దగ్గర పక్కకి తిరిగి ఆగింది.

ఇంకో పన్నెండు గజాలు, రా, రా, అనుకున్నాడు హాల్వర్. అది రాలేదు. తల ఎత్తి వాసన చూస్తోంది. గాలి మారితే ఒక్క గెంతులో మాయమైపోతుంది. ఇరవై నాలుగు గజాలు. వెనక నుంచి చూస్తున్న కూతురి దృష్టిలో ఇది తండ్రికి కళ్ళు మూసుకుని వేసే దూరం. విల్లు దించితే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి.

ఈ ఒక్కసారి, అనుకున్నాడు. నారి లాగాడు. చెయ్యి నిలిచింది, నిలిచిందనే అనుకున్నాడు. వేళ్ళు వదిలే క్షణాన ఎడమ మణికట్టు చిన్నగా అదిరింది.

బాణం తగిలిన చప్పుడు మెత్తగా వినబడింది. డొక్కలో, బాగా వెనక్కి దిగింది. దుప్పి నడుం వంచుకుని నాలుగడుగులు వేసి, ఆగి, మెల్లగా చెట్లలోకి నడుచుకుంటూ పోయింది.

అది పరిగెత్తి ఉంటే బాగుండేది. గుండెల్లో దిగితే పరిగెత్తి పడిపోతుంది. ఇలా నడుం వంచుకుని నడిచిందంటే పొట్టలో తగిలినట్టే.

ఒంట్లోంచి దూసుకుపోయిన బాణం మొద్దుకి పది గజాల అవతల దొరికింది. ఈకలకి పచ్చటి జిగురు అంటుకుని ఉంది. సిగ్నీ వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"పేగులు" అంది.

"పద, ఎంతో దూరం పోయుండదు."

"కూర్చో నాన్నా. ఎనిమిది గంటలు ఆగాలి. ఇప్పుడు తరిమితే రెండు కొండలు దాటిపోతాడు. ఇది నువ్వు చెప్పిందే కదా."

"పైన మబ్బు చూశావా? వాన పడిందంటే నెత్తురు చుక్క మిగలదు."

"చూశాను. కూర్చో."

కూర్చున్నాడు. జీవితంలో అంత పొడుగు పొద్దు అతనెప్పుడూ ఎరగడు. ఎక్కడో అరమైలు దూరంలో ఆ ప్రాణి ఏం పడుతోందో అతనికి బాగా తెలుసు. తనే పిల్లలకి బొమ్మ గీసి మరీ చెప్పేవాడు, ఇక్కడ తగిలితే ఇన్ని గంటలు, అక్కడ తగిలితే ఇన్ని నిమిషాలు అని. మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. పన్నెండున్నరకి మొదటి చినుకు అతని చేతి మీద పడింది. ఇంకో పది నిమిషాలకి మంచుతో కలిసిన వాన కొండంతా కొట్టింది.

ఇక ఆగలేక లేచి వెతకడం మొదలుపెట్టారు. నాలుగు గంటలకి ఒకటి, అయిదింటికి ఇంకొకటి, గోరంత నెత్తుటి మరకలు ఆకుల అడుగున దొరికాయి. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో ఆకూ తిరగేశారు. ఒక చోట అది పడుకున్న గుంట కనబడింది, గడ్డి ఇంకా వెచ్చగా ఉంది. వాళ్ళ అలికిడికే లేచిపోయిందన్నమాట. హాల్వర్ ఆ గుంటలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"నా వల్లే. తొందరపడ్డాం" అంది సిగ్నీ. "ఇంకాసేపు ఆగమని గట్టిగా చెప్పాల్సింది నేను."

అతను తట్టుకోలేకపోయాడు.

"నీ వల్ల కాదు. నా దూరం పన్నెండు."

"ఏంటి?"

"ఇరవై అయిదు కాదే. పన్నెండు. ఆగస్టు నుంచి అంతే. చెయ్యి వణుకుతోంది. డాక్టరు చెప్పాడు. నాకు తెలుసు. తెలిసే వేశాను."

వాన ఆమె టోపీ అంచు మీంచి ధారగా కారుతోంది.

"నాకు పదహారేళ్ళప్పుడు" అంది సిగ్నీ, "నలభై గజాల నుంచి వేశానని అందరి ముందూ నా విల్లు లాక్కున్నావు. ఆ దుప్పికి ఏమీ కాలేదు, బాణం పైనుంచి పోయింది. అయినా లాక్కున్నావు. నీకు కోపమొచ్చినందుకు కాదు నేను వేట మానేసింది. నువ్వు చెప్పింది నిజమని మానేశాను."

"సిగ్నీ..."

"ఇప్పుడేం అనకు. వెతుకు."

చీకటి పడేదాకా వెతికారు. ఆ రాత్రి గుడారంలో ఎవరూ కన్ను మూయలేదు. తెల్లారగానే మళ్ళీ బయల్దేరారు. దారి గుర్తులన్నీ వాన తుడిచేసింది. పొట్టలో తగిలిన జంతువు దాహంతో నీళ్ళ దగ్గరికి దిగుతుందన్న ఒక్క ఆశతో, వాగు పొడుగునా చెరో ఒడ్డున నడిచారు. పొద్దు నడినెత్తికొచ్చింది. పడమటికి వాలింది. హాల్వర్ మోకాళ్ళు వాచిపోయాయి. రెండుసార్లు పడ్డాడు. రెండోసారి లేవకుండా రాళ్ళ మధ్య అలాగే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అవతలి ఒడ్డున సిగ్నీ చూసింది, చూసి ముందుకి నడిచింది. కాసేపటికి అతనూ లేచి నడిచాడు.

రెండింటికి సిగ్నీ చెయ్యెత్తి ఆగింది. ముందు, ఆల్డర్ పొదల్లో, తడి రాళ్ళ పక్కన దుప్పి పడుకుని ఉంది. తల ఇంకా పైకే ఉంది. బతికే ఉంది. ముప్ఫై గంటలు.

హాల్వర్ వాగు దాటి ఆమె పక్కకొచ్చాడు. బాణం నారికి తగిలించబోతే వేళ్ళు పట్టు తప్పాయి. మూడోసారికి గానీ కుదరలేదు.

"వేట అనుమతి చీటీ నీ పేరు మీద ఉంది. విల్లు నేను పట్టుకోకూడదు" అంది సిగ్నీ చెవిలో. "ఎందాకా?"

"పన్నెండు దాకా పోదాం."

గాలి ఎదురుగా ఉంది. పొట్ట మీద పాకారు. పన్నెండు దగ్గర ఆగి, విల్లెత్తి చూసుకున్నాడు. బాణం ములికి గాల్లో గిలగిల్లాడుతోంది. రెండు రోజులు తిండీ నిద్రా లేని చెయ్యి అది.

"ఇక్కణ్ణుంచి కాదు" అన్నాడు.

తొమ్మిది దగ్గర మళ్ళీ చూసుకున్నాడు. "కాదు."

ఆరు గజాల దగ్గర దుప్పి అతన్ని చూసింది. లేవబోయింది. ముందు కాళ్ళు లేచాయి, వెనక కాళ్ళు లేవలేదు. మళ్ళీ కూలబడింది. హాల్వర్ మోకాళ్ళ మీద నిలబడ్డాడు. సిగ్నీ అతని వెనక కూర్చుని, వీపుకి తన భుజం ఆనించి గట్టిగా నొక్కిపట్టింది.

"వణుకు తెరలు తెరలుగా వస్తుంది" అన్నాడు. "ఒకటి పోనీ."

"పోనీ. నేనున్నా."

దాని కళ్ళల్లోకి చూడకుండా, ముందుకాలి వెనక ఉన్న చిన్న మడత మీదే చూపు నిలిపాడు. వణుకు వచ్చింది, పెరిగింది, తగ్గింది. అప్పుడు లాగి వదిలాడు.

బాణం ఈకలదాకా దిగిపోయింది. దుప్పి ఒక్కసారి నిట్టూర్చినట్టు ఊపిరి వదిలి, తల రాళ్ళ మీద పెట్టింది. ఇద్దరూ కదల్లేదు. అది పూర్తిగా ఆగిపోయాక సిగ్నీ ముందుకెళ్ళి, దాని కంటి రెప్పని వేలితో తాకి చూసి, వాగులోకి వంగి మొహం కడుక్కుంది.

కోసేసరికి పొట్ట లోపల అంతా కుళ్ళు వాసన. వెనక తొడల్లో ఎముక దగ్గర మాంసం పచ్చబడింది. ముందు కాళ్ళూ మెడా బాగానే ఉన్నట్టు కనబడ్డాయి. ఏదీ వదలకుండా అన్నీ గుడ్డసంచుల్లో కట్టి, మర్నాడు మధ్యాహ్నానికి నాలుగు విడతల్లో కిందికి మోసుకొచ్చారు. ట్రక్కు దగ్గర వేట వార్డెన్ మార్లా క్విస్ట్ ఎదురయింది. పన్నెండేళ్ళ వయసులో హాల్వర్ దగ్గరే విల్లు నేర్చుకున్న పిల్ల. మాంసం కొంత పాడైందని కబురు పెట్టింది అతనే.

ఆమె సంచులన్నీ విప్పి, వాసన చూసి, కత్తితో గీరి చూసింది. "ముందువి తీసుకెళ్ళండి. వెనకవి తినే పని లేదు, నేను రాసుకుంటాను. ఎంత దూరం నుంచి వేశారు మాస్టారూ?"

"ఇరవై నాలుగు" అంది సిగ్నీ, తండ్రి నోరు తెరవక ముందే.

"ఓస్, అంతేనా! మీకది చెయ్యి చాచినంత దూరం. వదిలేటప్పుడు దుప్పి కదిలుంటుంది, ఎవరికైనా జరిగేదే." మార్లా కాగితం మడవబోయింది.

"కదల్లేదు" అన్నాడు హాల్వర్. "రాయిలా నిలబడింది. నాకిప్పుడు పన్నెండు దాటి వేసే చెయ్యి లేదు మార్లా. వేసవిలోనే తేలింది. సిగ్నీకి కూడా అబద్ధం చెప్పాను."

మార్లా అతన్ని, తర్వాత సిగ్నీని చూసింది.

"ఇది రాయడానికి నా కాగితంలో గడి లేదు మాస్టారూ. చట్టానికి దూరంతో పని లేదు."

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పారు?"

"నువ్వు రేపు ఇంకెవరికో చెబుతావు, పాపం ఆయన దురదృష్టం అని. అలా చెప్పకు."

ఆమె తల ఊపింది. వెనక తొడల సంచుల్ని తన బండిలోకి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

హాల్వర్ ట్రక్కెక్కాడు. సీటు బెల్టు కొక్కెం మూడుసార్లు పెట్టబోయాడు, పడలేదు. సిగ్నీ వంగి పెట్టింది. అతను పెట్టనిచ్చాడు.

"కోపంగానే ఉన్నాను" అంది బండి తిప్పుతూ. "చాలా రోజులు ఉంటాను."

"ఉండు."

"గురువారం పిల్లల్ని దింపేశాక ఖాళీ. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. ఆయన చెప్పేది నేనే వింటాను, నీ నోటితో వద్దు."

అతను సరేనన్నాడు. ట్రక్కు వెనక సంచులు ఒరుసుకుంటున్నాయి. బండి బురదదారి దిగి తారురోడ్డు ఎక్కింది.