రొట్టె చప్పుడు

లింగంపల్లి స్టేషను దగ్గర కిష్టవ్వకు వరుసగా ఆరు కిరాయి గదులుండేవి. భర్త పోయాక ఆ గదులే ఆమెకు ఆధారం. పట్నంలో కిరాయిలు మోయలేని మిల్లు కూలీలు అక్కడ చేరి, తెల్లవారుజామున రైలెక్కి పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవారు. యుద్ధం రోజులు. ఎక్కడా ఖాళీ గది దొరకడం గగనం. అందుకే ఆ వరుసలో కిష్టవ్వ మాటకు ఎదురుండేది కాదు.

చివరి గదిలో శివగంగ, కాశప్ప దిగిన మర్నాటి నుంచే పేచీ మొదలైంది. నారాయణఖేడ్ నుంచి వచ్చిన జంట. కాశప్ప స్టేషను గోదాములో మూటలు మోసేవాడు. చీకటితోనే శివగంగ పొయ్యి ముట్టించి, వేడినీళ్లతో జొన్నపిండి కలిపి, పీట మీద రొట్టె తట్టేది. మొదట మెల్లగా, రొట్టె పెద్దదయ్యే కొద్దీ గబగబా. అసలే పలచని గోడలు. ఆ చప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది.

"కిష్టవ్వా, నీ దిక్కు మనుషులేనట గద! రొట్టె చేస్తున్నరా, డప్పు కొడుతున్నరా?" అన్నాడు మొదటి గదిలో ఉండే మత్తయి.

'నీ దిక్కు' అన్న మాట కిష్టవ్వకు ముల్లులా గుచ్చుకుంది. ఆమె పుట్టింది నారాయణఖేడ్ పక్కనున్న కల్హేర్‌లో. కానీ ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే తప్ప తలుచుకునేది కాదు. అన్నానికి అలవాటుపడి, తాను పట్నం మనిషినేనని అనుకుంటోంది. ఆ సాయంత్రమే పోయి శివగంగ గడపలో నిలబడింది.

"ఏమే పిల్లా, అందరి నిద్ర ఖరాబు చేస్తున్నవు. అన్నం వండుకోరాదు?"

"అన్నం తింటే ఆయనకు మూట లేవదవ్వా."

"అయితే చప్పుడు రావద్దు. వచ్చిందో, అమాసకు గది ఖాళీ చెయ్యాలె."

శివగంగ తాను అలికిన నేలనూ, పుట్టమన్నుతో వేసుకున్న కొత్త పొయ్యినీ ఒకసారి చూసుకుంది. ఈ గది పోతే మళ్లీ ఖేడ్ బాట పట్టడమే. "సరే అవ్వా, చప్పుడు రానియ్య," అంది.

మర్నాడు కిష్టవ్వకు మెలకువ వచ్చేసరికి ఎండ మంచం కోడు దాకా వచ్చింది. వాకిట్లో ఒకటే లొల్లి. మత్తయి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే స్టేషనుకు ఉరికి, ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. వెనకాలే మరో ముగ్గురు. బండి వెళ్లిపోయింది. పొద్దెక్కాక పోతే మిల్లు గేటు తీయరు.

"ఇయ్యాల ఆమె రొట్టె చెయ్యలేదా ఏంది?" అన్నాడు మత్తయి.

"నిద్ర పాడైతుందని మొత్తుకున్నది నువ్వే గదరా!" అంది కిష్టవ్వ.

"మొత్తుకున్న. రోజు ఆమెను తిట్టుకుంటనే లేస్తుంటి. ఇయ్యాల తిట్టనీకి చప్పుడే లేకపాయె."

"మరి నా కోడి కూస్తలేదా?"

"నీ కోడా! అది పొద్దుమూకినంక కూస్తది."

అందరూ నవ్వారు గానీ, మత్తయి భార్య హన్నమ్మ నవ్వలేదు. "ఇంకొక్క నాగా పడితే పేరు కొట్టేస్తరు కిష్టవ్వా," అంది.

కిష్టవ్వ చివరి గదికి పోయింది. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. అప్పుడే ఖాళీ చేసి పోయిందా? చుట్టూ చూస్తే పట్టాల అవతల, తుమ్మచెట్ల దగ్గర పొగ కనిపించింది.

పోయి చూస్తే అక్కడుంది శివగంగ. మూడు రాళ్ల పొయ్యి. గాలికి అడ్డంగా రెండు చెట్లకు కట్టిన గోనెపట్టా. చీకటిలోనే పిండీ, పెనం, పిడకలూ నెత్తిన పెట్టుకొని వచ్చి, మొగుడికి తినిపించి పనికి పంపి, మాపటికోసం తడుతోంది. బండరాయి మీద రొట్టె గిర్రున తిరుగుతోంది. అంచు ఎక్కడా పగలలేదు. ఎదురు చెప్పలేదు, మొగుణ్ణి పస్తు పెట్టలేదు, ఇచ్చిన మాట తప్పలేదు. కిష్టవ్వ ఆ చేతులనే చూస్తూ నిలబడిపోయింది.

శివగంగ తలెత్తి బిత్తరపోయింది. "అవ్వా! ఈడికెల్లి గూడ ఇనబడ్డదా?"

"లేదు బిడ్డా. ఇనబడకనే పరేషానయింది."

కిష్టవ్వ రాయి పక్కన కూలబడి, వేడి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. ఎన్నేళ్లయిందో! తర్వాత పిండి గంప ఎత్తి చంకన పెట్టుకుంది.

"లే, ఇంటికి పోదాం."

"గది?"

"గది యాడికి పోతది? నీదే. గా పీట సన్నగున్నది, పారెయ్యి. మా అవ్వ ఇచ్చిన టేకు పీట అటక మీదున్నది. దాని మీద తట్టు. ఆ కొసదాకా మోగాలె."

మర్నాడు చప్పుడు కంటే ముందే కిష్టవ్వకు మెలకువ వచ్చింది. చీకట్లో చెవులు రిక్కించి పడుకుంది. టేకు పీట మీద మొదటి దెబ్బ పడింది. ఆ వెంటనే మొదటి గదిలోంచి మత్తయి గొంతు: "లేస్తున్న తల్లీ, లేస్తున్న!"

కిష్టవ్వ గూట్లోంచి పళ్లెం తీసుకొని చివరి గది వైపు నడిచింది.