చుట్టం పాట

దొరల ప్రభుత్వం నడిపే సెన్సారు ఆఫీసులో అతను దుబాసి. ఏ సినిమా హాల్లోకి రావాలన్నా ముందు అందులోని పాటల భావం దొర భాషలో రాసివ్వాలి. రాసేది అతనే. ఆ ఆఫీసు మొత్తంలో మన భాష తెలిసినవాడు అతనొక్కడే.

ఒకప్పుడు అతనూ పద్యాలు రాసేవాడు. పత్రికలకు పంపితే వెళ్ళినంత భద్రంగా తిరిగొచ్చేవి. చివరికి వాటిని కట్టగట్టి అటకెక్కించాడు. ఆ రోజుల్లోనే భార్య తమ్ముడికి, అప్పటికింకా మీసం రానివాడికి, ఛందస్సు నేర్పాడు. గురువూ లఘువూ వేళ్ళమీద లెక్కపెట్టించాడు. ఇప్పుడా బావమరిది సినిమాలకు పాటలు రాస్తున్నాడు. ఊరంతా పాడుకుంటోంది.

ఊరు పాడుకుంటే పాడుకోనీ. కానీ ఇంట్లో భార్య బట్టలు పిండుతూ అవే పాడేది, పక్క దులుపుతూ అవే పాడేది. పెళ్ళయిన కొత్తలో తను రాసిచ్చిన పద్యాల్లో ఒక్కటంటే ఒక్కటి ఆమె నోట అతను వినలేదు. మంగలి షాపులో కూర్చుంటే, "మీరు ఆయనకి బావగారట కదా! ముందే చెప్పొద్దూ?" అంటూ మంగలి కొత్త తుండుగుడ్డ తీశాడు. పన్నెండేళ్ళుగా అదే షాపు, ఏనాడూ పాత గుడ్డే. ఆ రోజు గడ్డం నున్నగా వచ్చింది గాని, కడుపులో నిప్పులు పోసినట్టయింది.

పైగా ఆ బావమరిది ఉండేది తన ఇంట్లోనే, మేడమీద గదిలో. ఒక ఆదివారం కాగితం పట్టుకుని దిగి వచ్చాడు.

"బావా, ఒక్కసారి విను. సినిమాలో ముసలావిడ పాడే నవ్వుల పాట."

*పూటకని వచ్చిన చుట్టమా, మా*
*పుట్టెడు గింజలు మింగిన చుట్టమా,*
*తలుపులు మావైతే తాళాలు నీవా?*
*మా చాప మీద మేం కూర్చోవాలంటే*
*నిన్నడగాలా చుట్టమా?*

అక్క పడీపడీ నవ్వింది. బావ నవ్వలేదు. ఆ చుట్టం ఎవరో రెండో పాదానికే తెలిసిపోయింది. ఊళ్ళో పసిపిల్లలకైనా తెలుస్తుంది, తెలియనిది దొర ఒక్కడికే. ఇంత చిన్న మాటల్లో ఇంత పెద్ద సంగతి! ఇన్నేళ్ళుగా ఆ చుట్టం దగ్గరే కొలువు చేస్తున్నాడే, తనకెందుకు తట్టలేదు?

"మూడో పాదం కుంటుతోంది," అన్నాడు. నిజానికి కుంటడం లేదు.

"కుంటనీలే బావా. పాడేది ముసలావిడే కదా!" అంటూ బావమరిది నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలకు ఆ సినిమా ఆఫీసుకొచ్చింది. చీకటి గదిలో రీళ్ళు తిరిగాయి. ముసలావిడ మూతి తిప్పుడు చూసి దొర కూడా నవ్వాడు. "రేపటికి భావం రాసివ్వు," అన్నాడు.

మామూలుగా అయితే రెండు ముక్కలు గిలికేవాడు: 'హాస్యగీతం. అభ్యంతరం లేదు.' బావమరిది పాటలు ముప్పై దాకా అలాగే గట్టెక్కించాడు. మర్నాడు ఉదయం కలం అంతవరకూ వెళ్ళి ఆగింది. 'ఉన్నదున్నట్టు రాయడమే కదా నా ఉద్యోగం' అనుకున్నాడు. ఆ మాట అబద్ధమని అతని మనసుకు తెలుసు.

రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. చాపకు దొర భాషలో సరైన మాట దొరక్క నాలుగు కాగితాలు చింపాడు. మధ్యాహ్నం తిండికి లేవలేదు. జన్మలో ఎన్నడూ పలకని మాటలు ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి వచ్చాయి. చివరి పాదం కుదిరేసరికి కళ్ళు చెమర్చాయి.

దొర చదువుతూ నవ్వాడు. సగంలో నవ్వు ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇది రాసినవాడు కవి," అన్నాడు.

ఒకే ఒక్క క్షణం ఆ మాట తనకేననుకుని దుబాసి ఒళ్ళు పులకరించింది. అంతలో దొర ఎర్ర పెన్సిలు తీసి పాట మొత్తానికీ అడ్డంగా గీత గీశాడు.

"వీడు ఉండేదెక్కడ?"

"తెలియదండీ," అన్నాడు దుబాసి.

అతను దాచితే మాత్రం దొరకు దారులు లేవా? వారం తిరక్కముందే సినిమా కంపెనీకి కాగితం వెళ్ళింది. ఇకమీదట ఆ కవి పేరు ఏ సినిమాలో కనబడినా ఆ సినిమా విడుదల కాదు.

ఆ సాయంత్రం సంగతి చెప్పి బావమరిది వంటింటి గడప మీద కూలబడ్డాడు. అక్క చేతిలో పని ఆపింది.

"మీ ఆఫీసులో మన భాష వచ్చింది ఎవరికండీ?" అని మొగుణ్ణి అడిగింది.

అతను తల దించుకున్నాడు. "నేనే రాశాను."

"వాణ్ణి కన్నకొడుకులా చూశారనుకున్నానే..." అంది.

బావమరిది కేకలెయ్యలేదు. "ఏం రాశావో చూపించు బావా," అన్నాడు. బడిలో నేర్చిన దొర భాష అతనికి చదువుకునేంత వచ్చు.

చిత్తుప్రతి దుబాసి జేబులోనే ఉంది. పారేయడానికి మనసొప్పలేదు. బావమరిది దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, పెదాలు కదుపుతూ చదివాడు. చాలాసేపటికి మడిచి ఇచ్చేశాడు.

"నా పాటకంటే ఇదే బాగుంది. ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావు బావా? బయటికి రావడానికి దీనికి వాళ్ళ భాష, నా పీకే దొరికాయా?"

సిగ్గుతో చచ్చిపోవలసింది. కానీ ముందొచ్చింది సిగ్గు కాదు, సంతోషం. 'నా పాటకంటే' అన్న మాట చెవిలో తియ్యగా మోగింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చినది మళ్ళీ పోలేదు.

మర్నాడే బావమరిది పెట్టె సర్దుకుని, బోర్డులు రాసే పెయింటరు షాపు వెనక గదికి మారిపోయాడు. ఇంట్లో పాట ఆగిపోయింది. భార్య మాట్లాడేది, కావలసినంత మటుకే.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో సినిమా వచ్చింది. పాటల దగ్గర ఎవరిదో కొత్త పేరు. పడవవాడు పాడే పాట ఒకటుంది. అది రెండో పాదంలో పడేసరికే ఆ నడక ఎవరిదో దుబాసికి తెలిసిపోయింది. నడక నేర్పినవాడికి తెలియదా మరి! ఆ పడవ పోయేది దొరలు లేని ఒడ్డుకని కూడా తెలిసిపోయింది. ఈ పాట వెనకటిదాన్ని తలదన్నింది. కడుపుమంటా అంతే, వెనకటికి రెండింతలైంది.

"ఈ పడవ ఎక్కడికి పోతోంది?" అని అడిగాడు దొర, ఈసారి కాస్త అనుమానంగా.

"అవతలి ఒడ్డుకండీ. అక్కడ పిల్ల ఉంది, ఆ పిల్ల కోసం," అన్నాడు దుబాసి.

'ప్రేమగీతం' అని రాసి కింద సంతకం పెట్టాడు. ఇంకా ఏమైనా రాస్తాడేమోనని దొర అతని చేతివైపే చూస్తున్నాడు. దుబాసి కలానికి మూత బిగించేశాడు.