పైగది చప్పుడు

అత్తయ్యకు ఉబ్బసం. పైగదిలో ఆవిడ మంచం పక్కన మా మరిది ఒక మైకు పెట్టి, కింద వంటగదిలోని లినక్స్ కంప్యూటర్‌కి కలిపాడు. పని చేసుకుంటూ ఆవిడ ఊపిరి వినేదాన్ని. "నా గురక కూడా రేడియోలో వేస్తున్నారా?" అని ఆవిడ దెప్పేది.

ఆ మధ్యాహ్నం అదే కంప్యూటర్లో పెట్టుకున్న పాటలు గరగరమంటుంటే మరిదికి ఫోన్ చేశాను.

"ప్లేయర్ సెట్టింగుల్లో ఆడియో అవుట్‌పుట్ ఉంటుంది వదినా. అందులో ఆల్సా అని ఒకటుంటుంది, అది పెట్టు. దాని కింద సౌండ్ కార్డు నేరుగా ఎంచుకో. మధ్యలో ఇంకెవరూ అడ్డురారు."

పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి, ముందు పాట, తర్వాత పైగది మైకు వినిపించే ప్రోగ్రాం తెరిచాను. పాట కడిగిన ముత్యంలా ఉంది. పైనుంచి చప్పుడు లేదు. అత్తయ్య హాయిగా నిద్రపోయిందనుకుని బీన్స్ తరగడం మొదలుపెట్టాను.

సగం తరిగాక గుర్తొచ్చింది. నిద్రలో ఆవిడకు పిల్లికూతలు ఎక్కువవుతాయే తప్ప తగ్గవు.

పాట ఆపాను. నిశ్శబ్దం. తెర మీద చూస్తే పైగది ప్రోగ్రాంలో పచ్చగీత ఎగిరెగిరి పడుతోంది. పైన చప్పుడు అవుతూనే ఉంది. స్పీకర్లోకే రావడం లేదు. సౌండ్ కార్డు మొత్తం ప్లేయరే పట్టుకు కూర్చుంది.

కత్తి ఎక్కడ పడేశానో తెలియదు. రెండేసి మెట్లు ఎక్కాను.

అత్తయ్య మంచం అంచున ఒంగి కూర్చుంది. పెదాలు నల్లబడ్డాయి. ఇన్‌హేలర్ మంచం కిందికి దొర్లిపోయింది. పొట్ట మీద పాకి అందుకుని, ఆవిడ నోట్లో పెట్టి నొక్కాను. మళ్ళీ నొక్కాను. మూడోసారికి ఆవిడ భుజాలు కొంచెం దిగాయి.

"ఎన్నిసార్లు... పిలిచానే."

"వినపడలేదత్తయ్యా. నేనే ఏదో మార్చాను. తప్పు నాదే."

"పాటలు... బాగా వినపడ్డాయా?"

ఫోన్ అందుకుని డాక్టరును పిలిచాను.

డాక్టరు వచ్చి చూసి వెళ్ళాక కిందికి దిగాను. అవుట్‌పుట్‌ను పల్స్ ఆడియోకి మార్చాను. అది కార్డును అన్ని ప్రోగ్రాములకూ పంచుతుందట. మళ్ళీ ఫోన్ చేస్తే మరిది అప్పుడు చెప్పాడు. కంప్యూటర్ మళ్ళీ వేసి, పైగది ప్రోగ్రాం తెరిచి, "పిలవండత్తయ్యా!" అని అరిచి, స్పీకరుకు చెవి ఆనించాను.

పిలుపు రాలేదు. నాలుగు క్షణాలు ఆగలేక పైకి పరుగెత్తాను.

"పిలవలేదేం?"

"గుక్క తిప్పుకోనీవే తల్లీ! దిగు, ఈసారి పిలుస్తాను."

దిగలేకపోయాను. మంచం పక్కనే నేల మీద కూర్చుని, ఆవిడ పిల్లికూతలు ఒక్కొక్కటే నా చెవులతో విన్నాను.