ఇంట్లో అనకూడని మాట

కూతురు ధనశ్రీని రెండో తరగతి నుంచి మళ్ళీ ఒకటికి దించేస్తామని బిందుమాధవి టీచర్ అమ్ములుతో చెప్పేసింది. ఇంగ్లీషు వాక్యాలని కాదు, లేదు అని వచ్చేలా మార్చి చెప్పమంటే పిల్ల నోరు విప్పడం లేదట. సోమవారం మళ్ళీ అడుగుతారట. అప్పుడూ ఇదే వరసైతే ఒకటో తరగతే.

అమ్ములు ఏడో తరగతి మధ్యలో బడి మానేసి రొయ్యల షెడ్డులో పనికి పోయింది. పిల్లకి ఆ గతి పట్టకూడదనే సముద్రం ఒడ్డున పూడిమడక వదిలి, అనకాపల్లి గవరపాలెంలో గది అద్దెకు తీసుకుని, ఇంగ్లీషు మీడియంలో వేసింది. అత్త తలుపులమ్మ బజారులో చేపలమ్ముతుంది. భర్త ఎల్లారావు బోటు మీద చేపల వేటకు వెళ్ళాడు.

ఆ సాయంత్రం అమ్ములు పుస్తకం ముందేసుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ అడిగింది.

"కేట్ డ్రింక్స్ మిల్క్."

"కేట్ డజ్ నాట్ డ్రింక్ మిల్క్," అంది ధనశ్రీ టక్కున.

"బర్డ్ కెన్ ఫ్లై."

"బర్డ్ కెనాట్ ఫ్లై."

అమ్ములుకు అయోమయంగా అనిపించింది. అన్నీ చెబుతూనే ఉంది కదా, మరి రాదంటారేమిటి?

"వుయ్ హేవ్ రైస్."

పిల్ల పెదాలు బిగించేసింది. దాని కింద వాక్యం, ఫాదర్ కేమ్ హోమ్. దానికీ తల అడ్డంగా ఊపింది.

"నీకొచ్చు కదే, సెప్పు."

"నాయనమ్మ అనొద్దంది."

గుమ్మంలో వెల్లుల్లి వలుస్తున్న తలుపులమ్మ తలెత్తింది. "నేనే సెప్పేను. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం గాని, లేవంటామేటే? మగోడు సముద్రం మీదుండగా రాలేదన్న మాట ఇంట్లో పలుకుతారా?"

"అది ఇంగిలీసు అత్తా."

"ఇంగిలీసులో అంటే గంగమ్మ తల్లికి తెలీదేటి? ఆ తల్లికి అన్ని బాసలూ వత్తాయి."

 ఎల్లారావు వచ్చాడా అని పక్కింటి వాళ్ళు అడిగితే, అమ్ములు కూడా "వత్తాడు" అంటుందే తప్ప రాలేదని ఒక్కనాడూ అనలేదు. అత్త తప్పు చెప్పిందా? టీచరు తప్పు అడిగిందా? ఇద్దరిదీ ఒప్పే అయితే పిల్ల ఏం కావాలి? ఎటు తిప్పి చూసినా ముడి వీడలేదు.

సోమవారం బడిలో నసుగుతూ నసుగుతూ సంగతంతా చెప్పింది. బిందుమాధవి టీచర్ నవ్వబోయి, అమ్ములు మొహం చూసి ఆగింది.

"సరే, మార్చి అడుగుతాను. ధనశ్రీ, టీచర్ కేమ్ టు స్కూల్."

"టీచర్ డిడ్ నాట్ కమ్ టు స్కూల్."

"అంటే నేను రాకపోయినా ఫరవాలేదన్నమాట," అంది టీచర్. తర్వాత అమ్ములు వైపు తిరిగింది. "మీ పాపకి అన్నీ వచ్చమ్మా. కానీ పరీక్ష పేపరు నేను తయారుచెయ్యను. రేపు అందులో ఫాదర్ అని వస్తే ఖాళీ వదిలేస్తుంది. ఒక్కసారి మీ ముందే చెప్పించండి, భయం పోతుంది."

ధనశ్రీ తల్లి మొహంలోకి చూసింది. 

"బడిలో అంటే ఇంట్లో అన్నట్టు కాదమ్మా," అంది అమ్ములు. అది నిజమో కాదో ఆమెకే తెలియదు. "సెప్పేయి."

"నువ్వు అనమన్నావని నాయనమ్మకి సెప్తాను."

"సెప్పు."

పిల్ల నేల చూస్తూ, వినీ వినపడకుండా అంది. "ఫాదర్ డిడ్ నాట్ కమ్ హోమ్."

టీచర్ పిల్ల భుజం తట్టి రెండో తరగతి గదికే పంపబోయింది. అమ్ములు ఒక్క నిమిషమని బతిమాలి, పిల్లని గేటు దాకా తీసుకొచ్చి, ఎల్లారావుకు ఫోన్ చేసింది. బోటు సముద్రం లోపలికి పోతే సిగ్నలు అందదు. నిన్న కూడా అందలేదు, మొన్నా అందలేదు. అది తెలిసీ ఫోను చెవికి మరింత నొక్కుకుంది. ఫోన్లో ఆడగొంతు ముందు తెలుగులో ఏదో అంది, తర్వాత ఇంగ్లీషులో. కంగారులో తెలుగు ముక్క చెవికెక్కలేదు. ఇంగ్లీషులో నాట్ అన్న ఒక్క మాట మాత్రం దొరికింది.

ధనశ్రీ కొంగు లాగింది. "ఏటంటందమ్మా ఆవిడ?"

"నాన్న ఇంకా సముద్రం మీదే ఉన్నాడంటంది," అంది అమ్ములు.