నా మందు ఎవరూ తాగలేదు

నేను ఒక డబ్బాని. గెడ్డం గీసే కరెంటు మిషనుకి స్నానం చేయించే డబ్బాని. నవ్వుకోండి, ఫర్వాలేదు. నన్ను చూసి నవ్వని మనిషిని నేనింతవరకూ చూడలేదు.

చలిదేశం ఫ్యాక్టరీలో పుట్టాను. మిషను తలని నా గుంటలో బోర్లా పెట్టి మీట నొక్కితే, నా కడుపులో ఉన్న మందు పైకి పొంగుతుంది. బ్లేళ్ల సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకల పొడి, చర్మపు పొట్టు, జిడ్డు అన్నీ కడిగేస్తుంది. ఆ తర్వాత మిషనుని ఆరబెట్టి, ఛార్జింగ్ కూడా నేనే పెడతాను. మందంటే ఏమీ లేదు, స్పిరిట్టు, కాస్త నూనె, నిమ్మకాయ వాసన. దాన్ని మందు అని కాకుండా ఇంకేదైనా పేరుతో పిలిచి ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదు.

నన్ను అనకాపల్లి తెచ్చినవాడు సన్యాసిరావు. సరుకుల ఓడలో వంటవాడు. ఏదో రేవులో దిగినప్పుడు తన బావ ముత్యాలునాయుడి కోసం నన్నూ మిషన్నీ కలిపి కొన్నాడు. నాయుడు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. ఇరవై ఏళ్లు తాగి, రెండేళ్ల క్రితం మానేశాడు. తాగుడు పోయింది కానీ చేతి వణుకు పోలేదు. బ్లేడు పట్టుకుంటే చెంప మీద రోజుకో గాటు. బావమరిది అది చూసి తెచ్చాడన్నమాట.

నాయుడి భార్య నూకరత్నం నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "గెడ్డం గీసే మిషనుకి తానం సేయించడానికి ఇంకో మిషనేటిరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

ఆవిడొక్కతే కాదు, ఫోన్లలో నాలాంటి డబ్బాల వీడియోలు చూసేవాళ్లందరిదీ అదే మాట. కుళాయి కింద కడిగితే చాలదా అంటారు. చాలు, ఎవరు కాదన్నారు? పళ్లు వేలితో తోముకున్నా తెల్లబడతాయి, మరి ఇంటికి నాలుగు బ్రష్షులెందుకు? వణికే చేత్తో బ్లేళ్ల మీది సన్నటి జాలీ ఊడదీసి, కడిగి, మళ్లీ బిగించమనండి చూద్దాం. నేను రాకముందు నాయుడి దవడ కింద నెలకో సెగ్గడ్డ లేచేది. నేను వచ్చాక ఒక్కటి లేవలేదు. ఆ ముక్క ఏ వీడియోలోనూ చెప్పరు.

నాలో లోపాలు లేవా? ఉన్నాయి, నేనే చెబుతాను. చోటు తింటాను. పని చేస్తున్నంతసేపూ గురక పెడతాను. నా కంపెనీ మందు తప్ప ఇంకోటి పడదు, అది అనకాపల్లి మొత్తం వెతికినా దొరకదు. అన్నిటికన్నా పెద్ద లోపం, మూత పెట్టకుండా వదిలేస్తే నా మందు ఊరికే ఆవిరైపోతుంది. ఈ సంగతి నా అట్టపెట్టె మీద రాసే ఉంది. ఆ పెట్టెని నూకరత్నం మొదటి రోజే చింతపండు దాచుకోడానికి తీసేసుకుంది.

కార్తీకంలో నాయుడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆరేళ్ల క్రితం ఒకసారి వేసుకుని, పదిహేడో రోజున తాగేసి, తన చేత్తోనే మాల తీసేసిన మనిషి. అందుకే గురుస్వామి జగ్గారావు ఈసారి ముందే చెప్పాడు, మళ్లీ అలాంటిది జరిగితే ఇరుముడి నా చేత్తో కట్టనని. నాయుడు సరేనన్నాడు. అయ్యప్ప కొండకి వెళ్లొస్తే తప్ప మనిషినని తనకే నమ్మకం కలగదన్నట్టు ఉండేవాడు.

దీక్షలో గెడ్డం గియ్యకూడదు. మిషను సంచిలోకి పోయింది. నన్ను మాత్రం స్నానాలగదిలో గూట్లో నోరు తెరిచి వదిలేశారు. నా గుణం కొద్దీ నేను ఆవిరవడం మొదలుపెట్టాను. పది రోజులకల్లా ఆ గదంతా స్పిరిట్టు వాసన. నాయుడు చీకటితోనే చన్నీళ్ల స్నానానికి లోపలికి వెళ్లేవాడు, ఆ వాసనతోనే బయటికొచ్చేవాడు. దగ్గరికెళ్లి నోరు వాసన చూద్దామంటే దీక్షలో ఉన్నాడు, భార్య తాకకూడదు. నూకరత్నం గుమ్మం దగ్గరే నిలబడి గాలి పీల్చేది.

మందు ఎంత ఉందో తెలిసేందుకు నా పక్కన ఒక చిన్న కిటికీ ఉంది. గెడ్డం గియ్యని మనిషి ఇంట్లో మందు రోజురోజుకీ తగ్గుతోంది. ఆవిడ చూసింది. నాయుడూ చూశాడు. చూసి, ఇరవై ఆరో రోజు సన్యాసిరావుకి ఫోన్ చేశాడు.

"సన్నాసీ, మందు అయిపోతోందిరా. ఇక్కడెక్కడా దొరకట్లేదు. వొచ్చేటప్పుడు రెండు పట్టుకురా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

ఆ రోజునుంచి నూకరత్నం అతన్ని స్వామీ అని పిలవడం మానేసింది. వండి పెట్టేది, పిలిచేది కాదు. రెండు రోజులు చూసి, నా మందు తాగుతున్నాడని గురుస్వామికి చెప్పింది. జగ్గారావు వచ్చి నాయుణ్ణి అడిగాడు. నాయుడు ఒక్కటే అన్నాడు. "నాను ముట్టలేదు స్వామీ." మెడలో మాల పట్టుకుని ఒట్టు వెయ్యమంటే, ఒట్లు చాలా వేశాను, అవేవీ నిలబడలేదు, ఇంకోటి వెయ్యనన్నాడు. జగ్గారావు వెళ్తూ నూకరత్నంతో చెప్పాడు. "నిజమైతే ఇరుముడి కట్టను. కాకపోతే నువ్వే వొచ్చి సెప్పాలమ్మా. నీ మాట మీదే కడతాను."

నాకు ఒళ్లు మండింది. రెండేళ్లు చుక్క ముట్టని మనిషిని ఒక్క వాసనతో కాటా వేసేశారు. నాకు నోరుంది కానీ అది మందు కక్కడానికి తప్ప మాట్లాడడానికి పనికిరాదు.

నూకరత్నం చదువుకున్నది నాలుగో తరగతి. బుర్ర మాత్రం గట్టిది. ఎవరికీ చెప్పకుండా నా కిటికీ మీద కాటుకతో గీత గీసి, నన్ను తీసుకెళ్లి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. తొమ్మిది రోజులు తియ్యలేదు. ఆ చీకట్లో నేను జీవితంలో ఎన్నడూ లేనంత ఇష్టంగా ఆవిరయ్యాను. లోపమంటారా? అనుకోండి. ఆ తొమ్మిది రోజులూ నాకు వేరే పని లేదు.

పదో రోజు తలుపు తీసింది. వాసన గుప్పుమంది. మందు కాటుక గీతకి గోరు వెడల్పు కింద ఉంది. పెళ్లిచీర తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది, దానికీ అదే వాసన. తర్వాత నన్ను చంకనెత్తుకుని, పీఠం ముందు కూర్చున్న భర్త దగ్గరికెళ్లింది.

"స్వామీ, దీన్ని బీరువాలో ఎట్టి తాళమేసినాను. అయినా తగ్గిపోనాది."

నాయుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి నవ్వలేకపోయాడు. దీక్షలో ఆడవాళ్లందరినీ, భార్యనైనా, మాతా అనే పిలవాలి. అలాగే పిలిచాడు.

"నీ తప్పేం నేదు మాతా. నన్ను నమ్మకూడదని నీకు నేర్పింది నానే."

ఆవిడ నన్ను కింద దించింది. చెప్పులు కూడా వేసుకోకుండా గురుస్వామి ఇంటికి నడిచింది. నలభై ఒకటో రోజు జగ్గారావు తన చేత్తోనే ఇరుముడి కట్టాడు.

నాయుడు కొండకి వెళ్లొచ్చాడు, మాల తీశాడు, గెడ్డం గీసుకున్నాడు. సన్యాసిరావు తెచ్చిన కొత్త మందు నా కడుపులో పడింది. మూత పెట్టడం మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అలవాటు కాలేదు. మీ మనుషులకి డబ్బా మీద అనుమానం వస్తుంది, మనిషి మీద అనుమానం వస్తుంది, మూత మీద మాత్రం రాదు.

మొన్న నాయుడు కాటా పని మీద మిషన్ని తీసుకుని అయిదు రోజులు తుని వెళ్లొచ్చాడు, నేను గూట్లో నోరు తెరుచుకునే ఉన్నాను. వచ్చిన సాయంత్రం నూకరత్నం గూడు తుడుస్తూ నా కిటికీలోకి చూసింది. మందు బాగా తగ్గింది. భర్త వెనక గదిలోనే ఉన్నాడు. ఆవిడ గుడ్డతో కిటికీ తుడిచి, అన్నం వడ్డించడానికి వెళ్లిపోయింది.

నన్ను కొనొద్దని మీరు ఎంతమందికైనా చెప్పుకోండి. నేను ఆవిరవుతూనే ఉంటాను.